కాపరి ముచ్చట్లు: మ్యాటు ఎత్తి చూసినప్పుడు



మొన్న వానల ముందు ఒక ఆదివారం ఆరాధన ముగిసి, గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేతులు కలుపుతూ ఉండగా, మా సంఘములోని ఒక తల్లి పక్కకు పిలిచింది. "అయ్యగారండీ, అమెరికాలో మా వాడు తుప్పు పట్టే కారు కొంటానంటున్నాడండి. పాతది. ఇద్దరే పడతారంట. మీరు ఒక మాట చెప్పండి, మీ మాటయితే వింటాడు" అన్నది. పిల్లవాడు మా సండే స్కూలులో వాక్యములు కంఠతా పట్టినవాడు. ఇప్పుడు మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం. సరే, ఆ రాత్రే ఫోనులో మాట్లాడాము.

అతడు కొనదలచినది మాజ్డా కంపెనీవారి మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు. 1989లో మొదట వచ్చిన రకం. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, కావాలంటే వెనక్కు మడుచుకోవచ్చు. మేము చెప్పబోయిన బుద్ధి నోట్లోనే ఉండగా అతడే మాకు పాఠం చెప్పాడు. అక్కడ శీతకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట. ఆ ఉప్పునీళ్ళు బండి అడుగున చేరి ఇనుమును తినేస్తాయి. ఈ కారుకు ఇంకొక చిక్కు ఉంది. గుడ్డ టాపు మీద పడిన వాననీరు వెనక మూలల్లో రెండు చిల్లుల గుండా కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఆ చిల్లు మూసుకుపోతే, నీరు దారి తప్పి తలుపు కిందుండే బోలు దూలంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక చక్రానికి కాస్త ముందు, చెయ్యి కిందికి పోనిచ్చి తడిమితే బొబ్బలు తగులుతాయి. ఆ బొబ్బ కనిపించిందంటే లోపల పని అయిపోయినట్టే. అందుకని అక్కడివాళ్ళు అరిజోనా వంటి పొడి రాష్ట్రాల నుండి వచ్చిన బండికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇస్తారట.

ఫోను పెట్టేశాక మాకు నవ్వు వచ్చింది, భయమూ వేసింది. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే మా సంఘము కూడా ఒక పాత బండి కొనబోతున్నది.

మాది సముద్రానికి పది కిలోమీటర్ల లోపల ఉండే పల్లె. మిషిగన్‌లో మనుషులు ఉప్పు చల్లుతారు. మాకు గాలే చల్లి పెడుతుంది. ఇళ్ళల్లో కిటికీ ఊచలు, సైకిలు రిమ్ములు, బోరింగు గొట్టాలు ఎంతకాలం ఉంటాయో మా ఆడపడుచులను అడిగితే లెక్కగా చెబుతారు. అలాంటి చోట నాలుగేళ్ళుగా స్త్రీల సమాజమువారు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కకు తీసి, కోతకాలపు పండుగలో వేలం పాటలు పెట్టి, మొత్తం 1,58,000 రూపాయలు కూడబెట్టారు. ఎందుకంటే మా పేటలో ఒక తమ్ముడికి వారానికి రెండుసార్లు పట్టణములో డయాలిసిస్. ఆటోవాడు వాన పడితే రాడు. నిండు గర్భిణులు ఉన్నారు, నడవలేని ముసలివారు ఉన్నారు. ఒక మారుతి ఆమ్నీ వ్యాను ఉంటే చాలునని అందరి కోరిక. కంపెనీ ఆ వ్యాను తయారీ 2019లోనే ఆపేసింది గనుక కొంటే పాతదే కొనాలి.

అప్పుడు మా సంఘపు పెద్ద ఒకాయన ముందుకొచ్చారు. రొయ్యల వ్యాపారం చేసే మనిషి, చెయ్యి పెద్దది, మందిరపు పైకప్పుకు అందరికంటే ఎక్కువ ఇచ్చినవాడు. తన దగ్గర 2014 మోడల్ ఆమ్నీ ఉన్నదనీ, బయట 1,70,000 పలుకుతుందనీ, సంఘానికి కాబట్టి 1,40,000కు ఇస్తాననీ అన్నారు. బండి తెచ్చి మందిరం ముందు నిలిపారు. తెల్లగా, పెళ్ళికూతురులా ఉంది. కమిటీవారు చప్పట్లు కొట్టారు. పిల్లలు అప్పుడే ఎక్కి కూర్చున్నారు.

మా సంఘములో ఒక ముసలాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళు పట్టణములో టింకరింగు షాపు నడిపి, కళ్ళు మసకబారి ఇంటికి వచ్చేశాడు. అందరూ మిస్త్రీ తాత అంటారు. ఆయన చప్పట్లు కొట్టలేదు. మా దగ్గరకు వచ్చి మెల్లగా, "అయ్యగారూ, కొత్త రంగు వేశారండి. పాత బండికి కొత్త రంగు ఎందుకేశారో అడగాలండి" అన్నాడు.

తుప్పు విషయం మాకు ఆ ముసలాయన చెప్పినంత తేటగా ఇంకెవరూ చెప్పలేదు. ఇనుము, నీరు, గాలి మూడూ కలిస్తే తుప్పు. ఉప్పు చేరితే అదే పని వేగంగా జరుగుతుంది. తుప్పుగా మారిన ఇనుము ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైనున్న రంగును పొక్కులా లేపుతుంది. కారు రేకు మందం మిల్లీమీటరు కంటే తక్కువ. తినడం మొదలుపెడితే ఎన్నాళ్ళు ఆగుతుంది?

తుప్పులో మూడు తరగతులు ఉన్నాయని ఆయన లెక్క. మొదటిది పైతుప్పు. గీత పడిన చోట ఎర్రగా కనిపిస్తుంది, గోటితో గీకితే పొడి రాలుతుంది, కింద రేకు గట్టిగా ఉంటుంది. దానికి భయపడనక్కరలేదు. గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ కొట్టి, రంగు వేస్తే సరి. (ఆ రెడ్ ఆక్సైడ్ ఎర్రదనం కూడా ఇనుప ఆక్సైడుదేనట. తుప్పు కులానిదే తుప్పుకు కాపలా! మాకు ఇది చాలా వింతగా తోచింది.) రెండవది పొరలు పొరలుగా లేచేది. మూడవది చిల్లు. రెండవదానికీ మూడవదానికీ మధ్య దూరం ఒక్క వర్షాకాలమే అన్నాడు.

అయితే తుప్పు ఎంత ఉంది అన్నదానికంటే ఎక్కడ ఉంది అన్నదే ముఖ్యమట. బానెట్టు, తలుపు, డిక్కీ తలుపు వంటివి బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. అక్కడ చిల్లు పడినా డబ్బు నష్టమే గాని ప్రాణనష్టం లేదు. ఆమ్నీ, మారుతి 800 వంటి బండ్లకు విడిగా చాసీ ఉండదు; ఆ రేకు పెట్టే బండి ఎముకలు. తలుపుల కింది బోలు దూలాలు, ఫ్లోరు, జాకీ పెట్టే చోటు, చక్రాల పట్టీలూ షాకబ్జార్లూ బిగించే చోట్లు, సీటుబెల్టు బోల్టు దిగిన రేకు, వీటిలో ఏది పోయినా బండి ఒట్టి డొల్ల. బొలెరో, సుమో, కమాండర్ జీపు వంటివాటికి కింద నిచ్చెనలాంటి చాసీ వేరుగా ఉంటుంది గనుక పైరేకు కాస్త పోయినా నడుస్తాయి. అక్కడ చాసీనే పడుకొని చూడాలి. అన్నిటికంటే భయంకరమైనవి సన్నటి బ్రేకు గొట్టాలు. ఉక్కు గొట్టం పైన పొరలు లేస్తూ ఉంటే, నిండు బండితో బలంగా బ్రేకు తొక్కిన రోజున అది పగులుతుంది. ఆ రోజు ఏదో ముందుగా చెప్పదు.

ఇంతా విన్నాక కూడా, ప్రియులారా, పెద్దగారి బండి దగ్గరకు పోయి మ్యాటు ఎత్తడానికి మాకు చెయ్యి రాలేదు. బయటివాడి బండి అయితే వేరు. తోటి విశ్వాసి, పైగా సంఘపు పెద్ద. ఆయన ఇస్తానన్న బండిని అనుమానంతో తడిమితే ఆయన మొహం ఎలా చూడాలి? మీలో చాలామందికి ఇది తెలిసిన ఇబ్బందే. పెండ్లి సంబంధాల దగ్గరా, అప్పు పత్రాల దగ్గరా మనవాళ్ళే గదా అని నోరు మూసుకున్నవారు ఎందరో మా దగ్గరకు వచ్చి ఏడ్చారు.

ఆ రాత్రి లేవీయకాండము 14వ అధ్యాయము తీసి చదివాము. సాధారణంగా మనం ఆ అధ్యాయాన్ని గబగబా దాటిపోతాము. కుష్ఠు, పొడలు, ఇంటి గోడల మచ్చలు. కాని అక్కడ ఇల్లు చూడవలసినవాడు ఎవరు? మేస్త్రీ కాదు, యాజకుడు. చూడటానికి ముందు ఇంట్లో సామానంతా బయట పెట్టించాలి. గోడ మీద పచ్చగానో ఎర్రగానో చారలుండి, అవి గోడ పైభాగం కంటే లోతుగా కనిపిస్తున్నాయా అని చూడాలి. వెంటనే తీర్పు చెప్పకూడదు. ఏడు రోజులు ఇల్లు మూసిపెట్టి మళ్ళీ రావాలి. పాకితే ఆ రాళ్ళు ఊడదీయించి, గోకించి, వేరే రాళ్ళు పెట్టి కొత్తగా పూయించాలి. ఆ కొత్త పూత తరువాత కూడా మళ్ళీ బయటపడితే ఇల్లు కూలగొట్టాలి. ఇంటి యజమాని మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఈ పరీక్షలో ఎక్కడా లేదు. చూడటం యాజకుని పని, అంతే. డిప్లొమా చదివే రోజుల్లో ఈ అధ్యాయం మీద పరీక్ష కూడా రాసినవాళ్ళమే. ఒక వ్యాను కొనవలసి వచ్చేదాకా దాని సంగతి తలకెక్కలేదు.

మరునాడు మిస్త్రీ తాతను వెంటబెట్టుకొని పెద్దగారి ఇంటికి వెళ్ళాము. "పెద్దగారూ, ఇది స్త్రీల బియ్యపు డబ్బు. చూసి కొనాలి. మీ అనుమతి ఉంటే మ్యాట్లు తీస్తాము" అన్నాము. ఆయన ముఖం చిన్నబోయింది గాని సరేనన్నారు.

తాత చేసిన పరీక్షలు ఏ ఇంటివారైనా చేయగలిగినవే. ముందు సండే స్కూలు పిల్లల దగ్గర దొరికిన ఒక అయస్కాంతాన్ని, రంగు గీరుకుపోకుండా నూలుగుడ్డలో చుట్టి, బండి చుట్టూ ఆనించుకుంటూ వచ్చాడు. రేకు ఉన్నచోట అంటుకుంటుంది. పుట్టీ పెట్టి నునుపు చేసిన చోట జారిపోతుంది. (ఫైబరు శరీరము, అల్యూమినియం శరీరము గల బండ్ల మీద ఈ పరీక్ష చెల్లదు.) పెద్దగారి బండికి ఎడమ వైపు వెనక చక్రం ముందు జానెడు మేర అయస్కాంతం జారిపోయింది. పుట్టీ పెట్టడం నేరం కాదు, చిన్న సొట్టకు అందరూ పెడతారు. అయితే సొట్ట సాధారణంగా పడని చోట అంత పుట్టీ ఎందుకున్నది? తరువాత స్క్రూడ్రైవరు పిడితో తలుపు కింది దూలాన్ని మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. బాగున్న రేకు కంచులా పలికింది. ఒకచోటికి వచ్చేసరికి తడిసిన అట్టపెట్టెను తట్టినట్టు చప్పుడు.

ఆమ్నీకి పక్కకు జరిగే తలుపు ఉంటుంది గదా, దాని కింది పట్టాలో ఇసుకా నీళ్ళూ నిలుస్తాయి. అక్కడ వేలు పెట్టి చూశాడు. తలుపుల అడుగు అంచుకు నీళ్ళు పోయే చిన్న చిల్లులు ఉంటాయి. అవి తెరుచుకొని ఉన్నాయా అని సైకిలు పుల్లతో పొడిచి చూశాడు. మొహం అద్దం చుట్టూ రబ్బరు కింద, స్టెపినీ చక్రం ఉండే చోట, బ్యాటరీ కింద చూశాడు. చివరగా మ్యాటు ఎత్తించాడు. డ్రైవరు కాళ్ళ కింద కొత్తగా నల్లటి తారు పూత. "కొత్త తారు చూస్తే నాకు భయం అండి. బాగున్న రేకు మీద పూస్తే అది మందు, తుప్పు మీద పూస్తే మూత. చెమ్మ లోపలే ఉండిపోయి ఇంకా తింటది" అన్నాడు.

నీట మునిగిన బండ్ల మాట కూడా ఇక్కడే చెప్పడం మంచిది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగినప్పుడు వేల బండ్లు నీళ్ళలో ఉన్నాయి. అలాంటి బండిని కడిగి, సీట్లు మార్చి, చవకగా అమ్మితే పల్లెలో మనకేమి తెలుస్తుంది? సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి. బురదనీటి గీత లోపలి భాగంలో మిగిలి ఉంటుంది. సీటు కింది బోల్టులూ పట్టాలూ ఎర్రబడి ఉన్నాయా, డాష్‌బోర్డు కింద సన్న ఒండ్రు ఉందా, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో పెట్టి తలుపు తీస్తే మగ్గిన వాసన కొడుతుందా చూడండి. ఇన్సూరెన్సు కాగితాల్లో ఆ సంవత్సరం క్లెయిము ఏమైనా ఉన్నదా అడగండి. అడిగితే కోపం వచ్చే అమ్మకందారును వదిలిపెట్టినా నష్టం లేదు.

పెద్దగారు అప్పటిదాకా ఊరుకున్నారు. తారు మాట విన్నాక, "నా మీద నమ్మకం లేదా అయ్యగారూ? సంఘాన్ని మోసం చేస్తానా?" అన్నారు. గొంతు వణికింది. కమిటీలో ఒకరు ఆ సందు చూసుకొని, డిక్కీ తలుపు మీదున్న పైతుప్పు చూపించి, "ఇదంతా ఉంటే ఇరవై వేలు తగ్గించాలి" అని బేరం మొదలుపెట్టారు. మిస్త్రీ తాత ఊరుకోలేదు. "అది మూడొందల పనండి. దానికి ఇరవై వేలు ఏంటండి?" అన్నాడు. సామెతల గ్రంథము 20వ అధ్యాయము 14వ వచనములో కొనేటప్పుడు బాగాలేదు బాగాలేదని చెప్పి, కొనుక్కొని పోయాక గొప్పలు చెప్పుకునేవాడు ఒకడున్నాడు. వాడి మీద మనం ప్రసంగాలు తక్కువ చేస్తాము. అమ్మేవాడు దాచేదీ అబద్ధమే, కొనేవాడు పెంచి చెప్పేదీ అబద్ధమే.

పెద్దగారి ప్రశ్నకు మేము జవాబు చెప్పవలసి వచ్చింది. చెప్పాము. ఇక్కడ కూడా రాస్తున్నాము, ఎందుకంటే ఈ పేజీలో ఇతరుల సంగతులు చాలా రాశాము.

2013లో మేము వేరొక చోట సేవలో ఉన్నప్పుడు మా పాత మారుతి 800 అమ్మాము. డ్రైవరు పక్క సీటు కాళ్ళ కింద ఫ్లోరు పోయింది. వెల్డింగు సరిగా చేయిస్తే తొమ్మిది వేలు అవుతుందన్నారు. మేము తొమ్మిది వందలతో ఒక రేకు ముక్క అతికించి, తారు పూయించి, కొత్త రబ్బరు మ్యాటు పరచాము. కొన్నాయన పక్క ఊరి బడిపంతులు, వేరే సంఘపు విశ్వాసి. బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "అయ్యగారి బండి, చూసేదేముందండి" అని 62,000 లెక్కపెట్టి ఇచ్చాడు. అడగలేదు, మేము చెప్పలేదు. అడిగితే చెప్పేవాళ్ళమే అని చాలాకాలం మాకు మేము చెప్పుకున్నాము. రెండో వానాకాలంలో ఒక స్పీడు బ్రేకరు దగ్గర ఆ రేకు ఊడి, ఆయన భార్య కాలు కిందికి దిగి రోడ్డుకు ఒరుసుకుపోయిందట. బండి మెల్లగా పోతున్నది గనుక మడమ తోలు లేచిపోవడంతో ఆగింది. ఇది మాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఆయన మాత్రం మాతో ఒక్క మాట అనలేదు. తరువాత ఎక్కడ కలిసినా వందనాలు అయ్యగారూ అనేవాడు. ఆ వందనం తీసుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు.

మత్తయి 6వ అధ్యాయములో చిమ్మటతో పాటు ప్రభువు చెప్పిన తుప్పుకు గ్రీకులో ఉన్న మాట అసలు అర్థం తినడం అని. యాకోబు 5వ అధ్యాయములో ధనవంతుల మీద సాక్ష్యం పలికే తుప్పుకు వేరే మాట ఉంది. అదే మాటను ఆయన 3వ అధ్యాయములో నాలుకలోని విషానికి వాడాడు. తుప్పు సాక్ష్యం చెబుతుందని మేము చాలాసార్లు బోధించాము. మా మీద సాక్ష్యం చెప్పినది తొమ్మిది వందల రూపాయల రేకు ముక్క.

ఇదంతా చెప్పాక వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత పెద్దగారే, "నేను దీన్ని కొని రెండేళ్ళండి. అప్పటికే ఈ రంగే ఉంది. కొన్నప్పుడు నేనూ చూడలేదు" అన్నారు. ఆ బండి అంతకుముందు ఏం మోసిందని అడిగితే, రొయ్యల పెట్టెలు అన్నారు. ఇంక మిస్త్రీ తాతకు ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు పెట్టెల్లోంచి కారి ఫ్లోరు అతుకుల్లోకి పోతాయి. రెండు రేకులు కలిపి వెల్డింగు చేసిన సందులో చేరిన నీరు ఎండకు ఆరదు. పొటాష్ ఎరువు బస్తాలు మోసిన బండ్లకూ ఇదే గతి అన్నాడు. కొనేముందు బండి వయసు అడుగుతాము, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతాము. ఏమి మోసిందో, ఏ ఊళ్ళో నిలబడిందో అడగము.

అయినా వెంటనే తీర్పు చెప్పలేదు. వారం ఆగుదామన్నాము. ఆ వారంలో రెండు మంచి వానలు పడ్డాయి. ఎనిమిదో రోజు వెళ్ళి చూస్తే, ఎడమ వైపు దూలం అడుగు అతుకులోంచి ఎర్రటి నీరు కారి తెల్లరంగు మీద చారలు కట్టి ఉన్నది. పెద్దగారి అనుమతితో తాత ఆ పుట్టీని గోకాడు. స్క్రూడ్రైవరు దానంతట అదే లోపలికి దిగిపోయింది. లోపల రేకు బదులు గోధుమరంగు రొట్టెముక్కల్లాంటి పొరలు. రెండు వైపులా దూలాలు, ఫ్లోరు కోసి కొత్తవి వెల్డింగు చేస్తే 48,000 అవుతుందని పట్టణములో అంచనా వేశారు. చేసినా వెల్డింగు పక్కన మళ్ళీ మొదలవదన్న హామీ లేదన్నారు.

మేము కొనలేదు. పెద్దగారు తరువాతి రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు. ఆయన ఇంటి ముందు నుండి సైకిలు మీద వెళ్ళేటప్పుడు మాకు చాలా బరువుగా ఉండేది. వ్యాను దక్కకపోయినా మనిషి దక్కితే చాలునని అమ్మగారితో కలిసి రోజూ ప్రార్థించాము. స్త్రీల సమాజములో కొందరు మా మీద విసుక్కున్నారు కూడా. డయాలిసిస్ తమ్ముడు ఆ రెండు వారాలూ మళ్ళీ ఆటోలోనే తడుస్తూ వెళ్ళాడు. మూడో ఆదివారం పెద్దగారు వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. బండిని తుక్కు కింద అమ్మేశాననీ, కొన్నవాడికి దూలాలు చూపించే అమ్మాననీ చెప్పారు. ఎంత వచ్చిందో మేము అడగలేదు.

సముద్రానికి దూరంగా వెతకమని మిస్త్రీ తాత చెప్పాడు. మిషిగన్ పిల్లవాడు అరిజోనా అన్నట్టుగా మాకు వినుకొండ వైపు. అక్కడ 2013 మోడల్ ఆమ్నీ దొరికింది. రంగు ఎండకు వెలిసిపోయింది, కుడి పక్క ఎద్దుబండి గుద్దిన సొట్ట. మా కమిటీవారికి అది చూడగానే మనసు విరిగింది. తాత మ్యాటు ఎత్తాడు. కింద కంపెనీవారి రంగు అలాగే ఉంది, దుమ్ము మాత్రం వేలెడు మందం. దూలం ఈ చివర నుండి ఆ చివరదాకా కంచులా పలికింది. బ్రేకు గొట్టం ఒకటి అనుమానంగా ఉంటే మార్పించాము. 1,45,000కు తీసుకున్నాము. పదిహేనేళ్ళు నిండితే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషను ఐదేళ్ళకు పొడిగించుకోవాలి గనుక మిగిలిన డబ్బులో కొంత దానికని పక్కన పెట్టాము. దూలాల లోపలికి నూనెమందు కొట్టించాము. సముద్రంలో బాప్తిస్మములు ఇచ్చి వచ్చిన రోజున బండి అడుగును మంచినీళ్ళతో కడగాలని యవ్వనస్తులకు చెప్పాము. రెండుసార్లు కడిగారు, మూడోసారి మేమే కడిగాము.

బడిపంతులుగారి ఇంటికి కూడా పోయివచ్చాము. తొమ్మిది వేలు వెల్డింగుకు, అప్పటి ఆసుపత్రి ఖర్చు మాకు తెలియదు గనుక ఇంకొంత కలిపి, 20,000 ఒక కవరులో పెట్టాము. జక్కయ్య నాలుగంతలు అన్నాడు. మాకు అంత శక్తి లేకపోయింది. పంతులుగారు రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఎప్పుడో మరిచిపోయామండీ, ఇప్పుడెందుకు?" అన్నారు. లోపలి గదిలోంచి ఆయన భార్య వచ్చి, "నేను మరిచిపోలేదండి" అని కవరు తీసుకున్నది. తరువాత టీ పెట్టి తెచ్చింది.

ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో డయాలిసిస్‌కు వ్యాను తోలేది పెద్దగారే. మొన్న పొద్దున్నే మందిరం దగ్గరకు వెళ్తే, ఆయన లుంగీ పైకి కట్టుకొని, తలుపు అంచుల చిల్లులను సైకిలు పుల్లతో పొడుస్తూ కనిపించారు. మిస్త్రీ తాత పక్కన అరుగు మీద కూర్చొని, ఆ చివరది మరిచిపోయావు అంటున్నాడు.

మిషిగన్ పిల్లవాడు కూడా ఆఖరికి అరిజోనా బండే కొన్నాడట. వాళ్ళమ్మ పోయిన ఆదివారం మళ్ళీ గుమ్మం దగ్గర ఆపింది. "తుప్పు లేదంటండి అయ్యగారూ. మరి ఆ రెండో సీటు సంగతి కూడా కాస్త ప్రార్థనలో పెట్టండి, ముప్పై నిండుతున్నాయి" అన్నది.